అమ్మ కట్టిన ఈగలు

మొన్న వానలు పట్టకముందే ఇంటికి సున్నం వేయిద్దామని అటక మీద సామానంతా దింపించాను. చిల్లుపడ్డ బిందెలు, విరిగిన ఊయల పట్టెలు, మా ఆయన బడిలో వాడి వాడి రంగు వెలిసిపోయిన గ్లోబు, వాటన్నిటి వెనక మూలకి వెదురుబద్దల పెట్టె ఒకటి. మూత తియ్యగానే ముందు వాసన వచ్చింది. ఎండిన లంక పొగాకు, వసకొమ్ము, ఎప్పుడో హరించిపోయిన కర్పూరం, వాటి అడుగున కోళ్లగూడు తలుపు తీసినప్పుడు కొట్టేటటువంటి పొడి పొడి ఈకల వాసన. నా మనవరాలు ముక్కు మూసుకుని వంగి చూసి, "ఏంటి అమ్మమ్మా ఇది, ఇందులో పిట్టేదో చచ్చిపోయిందా?" అంది. చావలేదే, అందరం బతికాం అన్నాను. అది నా మొహంకేసి వింతగా చూసి సున్నం కలిపేవాళ్ల దగ్గరికి పోయింది. నేను మటుకు అక్కడే పీట వేసుకుని చాలాసేపు కూర్చుండిపోయాను.

ఇది నా చిన్నప్పటి మాట, అప్పటికి గోదావరికి ఆనకట్ట కట్టి ఎంతో కాలం కాలేదు. ధవళేశ్వరంలో ఆనకట్ట కార్ఖానాలో మా నాన్న గుమస్తా. కార్ఖానా వెనక సందులో మాది తాటాకు ఇల్లు. సందుకి ఈ చివర మా క్రైస్తవుల ఇళ్లు నాలుగైదు, ఆ చివర బజారు. పొద్దున్నే కార్ఖానాలో సమ్మెట దెబ్బలు మొదలయ్యేవి. అవి వినపడే లోపల మా ఇంట్లో ప్రార్థన అయిపోవాలి. నాన్న బైబిలు మూసి తరవాణి అన్నంలో ఉల్లిపాయ నంజుకు తిని, ఒక్కటంటే ఒక్కటే ఉన్న నల్లకోటు తొడుక్కుని బయల్దేరేవాడు. నాన్న నెమ్మదస్తుడు. దొర కేకేస్తే ముందు చేతిలో కలం కింద పెట్టేవాడు, వణికితే సిరా చిందుతుందని. మామ్మ, అంటే నాన్నగారి అమ్మ, పెరట్లో చెట్టు మొదట్లో కూర్చుని చుట్ట అడ్డపొగ పీల్చేది. నిప్పు ఉన్న కొసని నోట్లో పెట్టుకుని ఎలా పీలుస్తావే అని నేనడిగితే, "నిప్పు నోట్లో ఉంటే మాట జాగ్రత్తగా వస్తుంది" అనేది. ఆవిడ మాట మాత్రం ఎప్పుడూ అంత జాగ్రత్తగా వచ్చింది లేదు.

అమ్మ పుట్టిల్లు పాలకొల్లు వేపు. చిన్నప్పుడు మిషను దొరసాని దగ్గర లేసు అల్లడం నేర్చుకుంది. తెల్ల దారపు ఉండ, కొక్కెం సూది పట్టుకుని పంచలో కూర్చుందంటే ఆవిడ వేళ్లు ఎటు కదులుతున్నాయో కంటికి ఆనేది కాదు. చెయ్యి కింద నించి నురగలాగా లేసు జారిపోతూ ఉండేది. దొరసానులు బల్లగుడ్డలకి అల్లించుకునేవాళ్లు. బజారులో శెట్టిగారి భార్య శేషమ్మగారు కూడా పిల్లవాడి కుళ్లాయికి అంచు అల్లమని గుడ్డ పంపేది. అల్లి ఇస్తే పసుపునీళ్లు చల్లి లోపలికి తీసుకునేది. అందులో మాకు తప్పు కనిపించేది కాదు, ఆవిడకీ కనిపించేది కాదు. అప్పటి తీరది.

ఈకల పని ఎలా వచ్చిందంటే, తూముల మీద అజమాయిషీ చేసే దొర ఒకాయన ఉండేవాడు. తూము దొర అనేవాళ్లం. పెద్దవాడు. తెల్లటి మీసాలు పొగచుట్టలకి పచ్చబడిపోయి ఉండేవి. వరద తీసి గోదావరి తేటపడ్డాక సాయంత్రాలు ఆనకట్ట కింద రాళ్ల మీద నిలబడి గాలం విసిరేవాడు. మనవాళ్లు గాలానికి ఎర్రలు గుచ్చుతారు. ఈయన గాలానికి ఎర ఉండేది కాదు. ఈకలూ, బొచ్చూ, పట్టుదారంతో గాలం చుట్టూ ఒక పురుగు ఆకారం కట్టి నీళ్ల మీద ఆడించేవాడు. చేప దాన్ని పురుగనుకుని అందుకునేది. అవి ఆయనే సొంతంగా కట్టుకునేవాడు. కానీ కీళ్లనొప్పులతో వేళ్లు బిగుసుకుపోయాయి. ఎవరింట్లోనో అమ్మ అల్లిన లేసు చూసి, ఇది అల్లిన మనిషి ఎవరని విచారించి, చినిగిపోయిన ఈగ ఒకటి నాన్న చేతికిచ్చి పంపాడు. వాటిని వాళ్ల భాషలో ఈగలనే అంటారట. నాన్న దాన్ని కాగితంలో చుట్టి తెచ్చి అమ్మ ముందు పెట్టి, "ఇలాంటిది ఇంకోటి కట్టగలవేమో అడగమన్నారు" అన్నాడు. అమ్మ దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, సూదిమొనతో దారం కొస పట్టుకుని పూర్తిగా విప్పేసింది. నాన్న "దొరగారిదే అది" అన్నాడు. "విప్పకపోతే ఎలా కట్టారో నాకెలా తెలుస్తుందండీ" అంది అమ్మ. మర్నాటికి దాన్ని మళ్లీ కట్టి, దాని పక్కన కొత్తది ఇంకోటి కట్టి పెట్టింది. ఏది పాతదో దొర పోల్చుకోలేకపోయాడని నాన్న మురిసిపోతూ చెప్పాడు.

మామ్మకి మాత్రం ఈ పని మొదట్నించీ గిట్టలేదు. "ఈగలు తోలుకోలేక మనం ఛస్తుంటే నా కోడలు ఈగలు కడుతోంది" అని సందంతా చెప్పుకు తిరిగింది.

ఇక ఇంట్లోకి ఈకలు రావడం మొదలయింది. పోలవరం పైన అడవుల నించి వెదురు తెప్పలు దిగేటప్పుడు కొండవాళ్లు అడవికోడి మెడతోలు ఈకలతో సహా ఎండబెట్టి తెచ్చి దొరకి ఇచ్చేవాళ్లు. ఆ మెడ ఈకలంత చిత్రమైనవి నేను మళ్లీ చూడలేదు. బూడిదరంగు ఈక మీద పసుపుపచ్చ లక్క కరిగించి చుక్కలు పెట్టినట్టుంటుంది. గోరుతో గీకినా ఊడదు. ఆ చుక్కే చేపకి కన్నులాగా కనిపిస్తుందట. పురుగు ఒంటికి నెమలి ఈక. అందరూ ముచ్చటపడే కన్ను కాదు, దాని కింద పక్కలకి ఉండే రాగిరంగు పోచలు. ఒక్కొక్క పోచా పీకి గాలం కాడకి చుడితే నిజంగా గొంగళిపురుగు ఒళ్లులాగానే మెరిసేది. రెక్కలకి పరజలనే నీటిబాతుల రొమ్ము ఈకలు, సన్నగా గీతలు గీసినట్టుండేవి. నీలం కావలసి వస్తే పాలపిట్ట రెక్క. కాళ్లకి మన కోడిపుంజు మెడ మీది సన్న ఈక, డేగపుంజుదైతే ఎర్రవి, కాకిపుంజుదైతే నల్లవి. ఆ ఈకని గాలం చుట్టూ తిప్పితే పోచలన్నీ విచ్చుకుని నిలబడేవి. తోకకి మేకగడ్డం వెంట్రుకలు. దారానికి మైనం రాసేది అమ్మ. నేను పక్కన కూర్చుని ఈకల్ని జాతి జాతికీ వేరు చేసి, పురుగు పట్టకుండా పొగాకు మధ్య పరిచేదాన్ని. ఆ ఏడే నేను పెద్దమనిషినయ్యాను. బయట తిరగడం తగ్గింది కనక నాకు అదే ఆట, అదే పని.

ఒకటే చిక్కు. పంచలో కూర్చుని కడదామంటే గోదావరి గాలికి ఈకలు ఎగిరిపోయేవి. అందుకని అమ్మ లోపలి గదిలో తలుపు చేరవేసుకుని, చిన్న కిటికీ వెలుగులో కట్టేది. పంచలో అల్లే లేసు ఊరందరూ చూశారు. గదిలో కట్టే ఈకల్ని ఎవరూ చూడలేదు. తలుపులు మూసుకుని ఈకలూ, వెంట్రుకలూ, ముళ్లూ దారంతో కట్టే ఆడమనిషి అంటే బయటివాళ్లకి ఏమనిపిస్తుందో మాలో ఎవరికీ తట్టలేదు. ఇప్పుడు తలుచుకుంటే అంత తెలివితక్కువగా ఎలా ఉన్నామా అనిపిస్తుంది.

కార్తీకమాసంలో శేషమ్మగారు పిల్లవాడికి చలికాలం కుళ్లాయికి అంచు అల్లమంది. చాలా కాలం పిల్లలు లేక కోరుకొండ నరసింహస్వామికి మొక్కుకుని, కొండమెట్లు మోకాళ్ల మీద ఎక్కి కన్న పిల్లవాడు. నరసింహం అని పేరు. ఏడాది నిండలేదు. అమ్మ ముచ్చటపడి రెండు వరసల అంచు అల్లింది. నేనే తీసుకెళ్లి వాళ్ల అరుగు మీద పెట్టి వచ్చాను. ఆ కుళ్లాయి మడతలో, లేసు కన్నాల్లో చిక్కుకుని అమ్మ కట్టిన ఈగ ఒకటి వెళ్లిపోయింది. రెండు పనులూ ఒక్క ఒడిలోనే జరిగేవి, గాలానికి తగులుకోవడానికి లేసు కన్నా అనువైనది ఏముంటుంది. అమ్మ చూసుకోలేదు, నేను చూడలేదు, శేషమ్మగారూ చూడలేదు.

పిల్లవాడు ఆ కుళ్లాయి పెట్టుకున్నాక జ్వరం పడ్డాడు. జ్వరం ముదిరి కళ్లు తేలేసి కొట్టుకున్నాడు. పాలు తాగడం మానేశాడు. ఉగ్గూ, వసా, దిష్టి తియ్యడాలూ అన్నీ అయ్యాయి. తల తడిపి తుడుద్దామని కుళ్లాయి తీసినప్పుడు మడతలోంచి అది బయటపడింది. నల్ల ఈకలు, మేక వెంట్రుకలు, నెమలి పోచలు, నడుమ ఇనప ముల్లు, చుట్టూ ఎర్రదారం. శేషమ్మగారు దాన్ని చూసి వేసిన కేక సందు ఈ చివర మాకు వినపడింది. అప్పుడు అదేమిటో మాకు తెలియదు. పిల్లవాడికి ఏదో అయిందనుకుని అమ్మ చేస్తున్న పని ఆపి మోకరించి ప్రార్థన చేసింది.

సాయంత్రానికి తెలిసింది. నీళ్లకి వెళ్లిన మామ్మ ఖాళీ బిందెతో తిరిగొచ్చింది. ఎవరూ పలకరించలేదట. చేద తాడు దగ్గర నించి ఆడవాళ్లు పక్కకి జరిగిపోయారట. "మార్తా, నువ్వు శెట్టిగారి పిల్లాడికి చేతబడి చేశావంటున్నారే" అంది నెమ్మదిగా. మామ్మ అంత నెమ్మదిగా మాట్లాడ్డం నేను వినడం అదే మొదటిసారి.

చేతబడి అంటే ఆ రోజుల్లో ఉత్త మాట కాదు. గోదావరి అవతలి ఊళ్లో ఒక ముసలామెకి ఆ నింద వేసి ముందుపళ్లు రాయితో రాలగొట్టారు. పళ్లు లేకపోతే మంత్రం సరిగ్గా పలకదని వాళ్ల నమ్మకం. ఆమె చింతపండు గంప నెత్తిన పెట్టుకుని మా సందులోకి వచ్చేది. ఒక చేత్తో గంప, ఒక చేత్తో నోటికి అడ్డంగా కొంగు. ఎంత ఎండ కాసినా ఆ కొంగు దించేది కాదు. నాకు ఆ సాయంత్రం ఆమె తప్ప ఇంకేమీ గుర్తురాలేదు. అమ్మ పలువరస బాగుంటుందని అందరూ అనేవాళ్లు. నేను నాలుకతో నా పళ్లు తడుముకుంటూ అమ్మ నోటికేసి చూస్తూ కూర్చున్నాను. కుళ్లాయి తీసుకెళ్లి ఇచ్చిన చెయ్యి నాది కనక నా పేరూ అంటున్నారని తరవాత తెలిసింది.

నాన్న వచ్చి తలుపు గడియ వేశాడు. "దొరగారు ఉంటే ఒక్క మాటతో పోయేది. ఆయన పైన పోలవరం క్యాంపుకి పోయారు. ఎప్పుడొస్తారో తెలీదు. ముందు ఆ ఈకలన్నీ పొయ్యిలో పెట్టెయ్యి మార్తా" అన్నాడు.

"కాల్చేస్తే తప్పు ఉన్నట్టే కదండీ" అంది అమ్మ. "పొగ వాసన ఊరంతా వస్తుంది. భయపడి కాల్చుకున్నారంటారు. అప్పుడు ఇంకెవరికీ చెప్పుకోలేం."

"పొద్దున్నే పడవెక్కి పాలకొల్లు వెళ్లిపో, పిల్లల్ని తీసుకుని."

"పారిపోయినా అంతేనండి."

నాన్న తల పట్టుకున్నాడు. మామ్మ చుట్ట ఆర్పేసి గోడవేపు చూస్తూ, "అది చెప్పింది నిజం" అంది. ఈకల పని మొదలుపెట్టింది లగాయితు మామ్మ అమ్మవేపు మాట్లాడ్డం అదే ప్రథమం.

మర్నాడు ఎండ బాగా ఎక్కాక పిలుపొచ్చింది. శెట్టిగారి కొట్టు ముందు జనం. అమ్మ ముఖం కడుక్కుని, తల దువ్వుకుని, ఉతికిన చీర కట్టుకుని బయల్దేరింది. నా చేతికి వెదురు పెట్టె ఇచ్చింది. మామ్మ మా తమ్ముడు దానియేలుని చంకనేసుకుంది. వాడూ నరసింహం ఈడువాడే. నాన్న కోటు తొడుక్కుని ముందు నడిచాడు.  ఆ వేళ కింద పెట్టడానికి చేతిలో కలం కూడా లేదు. అయినా ముందే నడిచాడు, అది నేను చెప్పాలి.

కొట్టు అరుగు మీద శెట్టిగారు మోకాళ్ల మధ్య తల పెట్టుకుని కూర్చున్నాడు. గుమ్మంలో శేషమ్మగారు, ఒడిలో పిల్లవాడు. ఆవిడ జుట్టు విరబోసుకుని ఉంది, కళ్లు వాచిపోయి ఉన్నాయి. పిల్లవాడి పెదవులు ఎండి చారలు కట్టాయి. అరుగు కింద ముగ్గు గీసి దాని నడుమ ఒక విస్తరాకులో ఆ ఈగని పెట్టారు. పక్క ఊరి నించి పిలిపించిన మంత్రగాడు దాని ముందు కూర్చున్నాడు. వెనకనించి ఎవరో రాయి మాట ఎత్తారు. శెట్టిగారు తల ఎత్తకుండానే, "నా గుమ్మం ముందు అలాంటి పని జరగనివ్వను. ముందు నా పిల్లాడు దక్కాలి" అన్నాడు.

అమ్మ విస్తరాకు చూసింది. నిన్నటినించీ కట్టిపెట్టుకున్న ధైర్యమంతా ఆ పిల్లవాడి మొహం చూసేసరికి కరిగిపోయింది. "అయ్యో శేషమ్మగారూ, ఇది ముల్లండి, పిల్లాడికి గుచ్చుకుందేమో చూశారా" అంది. అంతమందిలో ఆ మాట అడిగింది ఆవిడ ఒక్కతే. శేషమ్మగారు ఉలిక్కిపడి పిల్లవాడి తల తడిమి చూసుకుంది. చెవి వెనక ఎర్రగా గీరుకుని ఉంది. 

"ఇది నువ్వు కట్టిందేనా?" అన్నాడు మంత్రగాడు.

"నేను కట్టిందేనండి. తూము దొరగారి గాలానికి. చేపల కోసం. లేసుకి తగులుకుని పొరపాటున వచ్చింది."

"అందరూ అలాగే అంటారు. కట్టిన చెయ్యే విప్పాలి. ఇందులో మంత్రం ఉంటే ముడి విడినప్పుడు అది విప్పినవాళ్ల ఇంటికి తిరుగుతుంది. లేకపోతే లేదు. విప్పుతావా?"

అమ్మ ముందుకి కదిలింది. అంతలో మా ఉపదేశిగారు అడ్డం వచ్చారు. గుడిలో మాకు వాక్యం చెప్పే పెద్దాయన. మంచివారే, కానీ ఆయన భయం ఆయనది. "మార్తమ్మా, మనం ఇలాంటివి నమ్మకూడదు. ముగ్గులో కూర్చుని విప్పావంటే నమ్మినట్టే. సంఘంలో నీకు చోటుండదు" అన్నారు.

"నేను దెయ్యాన్ని విప్పడం లేదండి అయ్యగారూ, దారాన్ని విప్పుతున్నాను" అంది అమ్మ. 

అమ్మ విస్తరాకు ముందు కూర్చుంది. అప్పుడు మామ్మ ఎవరూ అడక్కుండానే ముందుకొచ్చి, దానియేలుని తీసుకెళ్లి అమ్మ ఒళ్లో కూర్చోబెట్టింది. "మా ఇంటికి తిరిగేదేదైనా ఉంటే ముందు వీణ్ణే పట్టుకోమను. వీడొక్కడే మాకు మగపిల్లాడు" అంది. నాన్న "అమ్మా" అన్నాడు. 

మామ్మ మనసులో ఏముందో నాకు చాలా ఏళ్ల తరవాత గానీ తెలియలేదు. ఆవిడ బాప్తిస్మం తీసుకున్నది నడివయసులో. గుడికి వెళ్లేది, పాటలు పాడేది, కానీ పాత భయాలు ఆవిడ లోపల ఎక్కడికీ పోలేదు. గుడ్లగూబ అరిస్తే మంచం కింద చెప్పు తిరగేసేది. చేతబడి ఉందనే ఆవిడ నమ్మకం. మా అమ్మ చేతబడి చెయ్యదని అంతకన్నా గట్టి నమ్మకం. ఆ రెండో నమ్మకం మీద మనవణ్ణి తెచ్చి పెట్టింది.

అమ్మ సూదిమొనతో దారం కొస పైకెత్తింది. దానియేలు సూది అందుకోబోతే నేను వాడి చెయ్యి పట్టుకుని పక్కనే కూర్చున్నాను. మైనం పట్టిన దారం ఒక్కొక్క చుట్టే విడుతోంది. విడిన ముక్కల్ని అమ్మ నాకు అందిస్తే, నేను పెట్టెలోంచి ఆ జాతి ఈక తీసి పక్కన పెట్టి అందరికీ చూపించేదాన్ని. పేరు పేరునా చెప్పాను. "ఇది కాకిపుంజు మెడ ఈక. ఇది పరజ రొమ్ము. ఇవి నెమలి పోచలు. ఇది మేకగడ్డం వెంట్రుక, మీ పక్కింటి మేకదే." ఎవరో కిసుక్కుమని నవ్వి ఆపుకున్నారు. చివరికి వట్టి గాలం మిగిలింది. అమ్మ దాన్ని అరచేతిలో పెట్టి మంత్రగాడికి చూపించింది. ఆయన కూడా వంగి చూశాడు. దారం కింద ఏ యంత్రపు రేకూ లేదు, ఎవరి పేరూ లేదు, బూడిదా లేదు. ఆయన లేచి ముగ్గు కాలితో చెరిపేసి, "ఇందులో ఏమీ లేదు. చేపల ముల్లే" అన్నాడు. ఆయన్నీ మెచ్చుకోవాలి. మంత్రం ఉందన్నా ఆ వేళ ఎవరూ ఆయన్ని ఏమీ అనేవాళ్లు కారు.

జనం నెమ్మదిగా కదిలారు. కానీ పిల్లవాడి జ్వరం అలాగే ఉంది. నాన్నకి అప్పుడు ఎక్కడినించి వచ్చిందో ధైర్యం, ఎవర్నీ అడక్కుండా కార్ఖానా ఆస్పత్రికి పరిగెత్తి మందులిచ్చే డ్రస్సరుని వెంటబెట్టుకొచ్చాడు. ఆయన ఏదో పొడి ఇచ్చి, తడిగుడ్డతో ఒళ్లంతా తుడుస్తూ ఉండమని చెప్పి వెళ్లాడు.   అమ్మ విప్పిన ముక్కల్ని పెట్టెలో సర్దుకుంది, ఇంటికి వచ్చేశాం.

ఇంటికి వచ్చాక నింద పోయిందన్న సంతోషం ఎవరికీ లేదు. అమ్మ అన్నం ముట్టలేదు. ఆ పిల్లవాడికి ఏమన్నా అయితే ముడి విప్పీ లాభం లేదని మా అందరికీ తెలుసు. మామ్మ దానియేలు పక్క వదల్లేదు. పొద్దుగూకాక కూడా వాడి నుదుటి మీద చెయ్యి వేసి చూస్తూనే ఉంది. నేను ఆవిడ కాళ్ల దగ్గర పడుకుని ఆ చెయ్యి లేవడం, దిగడం చూస్తూ నిద్రపోయాను.

ఇప్పుడు రాజమండ్రి నించి రైలెక్కితే ఎక్కడెక్కడికో పోతున్నారు. గోదావరి మీద ఇనప వంతెన పడింది. మాకు చమురుదీపాలు పోయి గాజుచిమ్నీ లాంతర్లు వచ్చాయి. ఇప్పటి దొరలు ఈగల్ని వాళ్ల సీమనించి రేకు డబ్బాల్లో తెప్పించుకుంటున్నారట, అట్టముక్కలకి వరసగా గుచ్చి వస్తాయట. అడవికోడి ఈకలు మాత్రం ఇక్కడినించే ఓడెక్కి అక్కడికి పోతాయని మా అల్లుడు చెప్పాడు. పాలకొల్లు సంతలో లేసు కట్టలు కట్టలుగా అమ్ముతున్నారు. పిల్లలకి జ్వరమొస్తే ఆస్పత్రికి తీసుకెళ్తున్నారు, కనీసం దిష్టి తీసిన తరవాతైనా. నాకివన్నీ మంచిగానే కనిపిస్తాయి. పాతకాలమే బాగుండేదని నా ఈడువాళ్లు అంటుంటే నేను ఊ కొట్టను. ఆ చింతపండు ముసలామె కొంగు నా కళ్లముందు నించి పోలేదు. మా అమ్మకి దక్కింది ఆమెకి దక్కలేదు. ఆమె పక్కన నిలబడి తన మనవణ్ణి ఒళ్లో పెట్టిన అత్తగారు లేదేమో. ఆమెని పట్టుకున్నవాళ్లలో శెట్టిగారిలాంటి వాడు ఒక్కడూ లేడేమో. మాకు కలిసొచ్చినవి ఎన్నో ఉన్నాయి, అందులో మా గొప్ప ఎంతో నాకిప్పటికీ తెలియదు. అయితే ఒకటి మాత్రం ఆ కాలంలోనే చూశాను, ఇప్పుడు ఎంత వెతికినా అరుదుగా కనిపిస్తోంది. అందుకే ఆ మర్నాటి పొద్దు సంగతి రాసి ముగిస్తాను.

సమ్మెట దెబ్బలు ఇంకా మొదలవలేదు. మామ్మ దానియేలుని భుజాన వేసుకుని పంచలో తిప్పుతోంది. వాడు ఒంటి మీద చెమట తప్ప వేడి లేకుండా, నిద్ర చెడిన కోపంతో ఆవిడ చెవి పట్టి లాగుతున్నాడు. అమ్మ వాకిట్లో కళ్లాపి చల్లుతోంది. సందులో ఎవరో వస్తున్న చప్పుడు విని నేను తల ఎత్తాను. శేషమ్మగారు. జుట్టు నిన్నటిలాగే ఉంది. అన్నేళ్లలో ఆవిడ సందుకి మా చివరకి రావడం ఎవరూ చూడలేదు. తడి వాకిలి అంచున ఆగిపోయింది. అమ్మ చేతిలో చెంబు అలాగే ఉండిపోయింది. ఆవిడ ఏ వార్త తెచ్చిందోనని అమ్మ రాత్రంతా తను దేనికి భయపడిందో ఆ మొహంలో వెతుక్కుంటోంది. శేషమ్మగారు అమ్మకేసి చూడ్డం లేదు. మామ్మ భుజం మీది పిల్లవాడి కేసి చూస్తోంది.

"మీ వాడు బాగున్నాడా?" అంది.

మామ్మ గబుక్కున వాణ్ణి ఇటు తిప్పి, మొహం కనపడేలా పట్టుకుంది. వాడు ఏడుపు లంకించుకున్నాడు.

"బాగున్నాడండి" అంది అమ్మ. "మీ వాడు?"

శేషమ్మగారు వాకిలి దాటి వచ్చి మా అరుగు మీద కూలబడింది. 

"ఇప్పుడే పాలు తాగాడు" అంది.